అయిదా, ఎనిమిదా

జీపూ రాలేదు, అచ్చమ్మా రాలేదు. ఈ రెంటిలో ఏది ముందైతే తనకు మంచిదో కాత్యాయనికి తేలడం లేదు. జీపు ముందొస్తే బతికిపోయినట్టే. ఎముకలన్నీ దూదిలో చుట్టి, వరిగడ్డి పరిచిన మామిడిపండ్ల పెట్టెలో సర్ది, పెట్టెను వెనకసీటు కిందికి తోసి, నూజివీడు దాటి, బెజవాడలో రైలెక్కేస్తే, తర్వాత అచ్చమ్మ వచ్చి ఎంత వెతికినా ఈ పాకలో గడ్డి తప్ప ఏమీ కనబడదు. కనబడకపోతే గుండెలు బాదుకుంటుంది. బాదుకుంటే తనకు వినబడదు కదా. ఛీ, ఇదేం బుద్ధి, అనుకుని కాత్యాయని బ్రష్షు కింద పెట్టి, మళ్ళీ తీసి, తుడిచిన ఎముకనే ఇంకోసారి తుడిచింది. ఎదురుగా గోనెపట్టా మీద ఒక బిడ్డ పడుకుని ఉంది, తలనుంచి పాదాల దాకా ఎముకలన్నీ వాటి వాటి చోట్లలో. మూడువేల ఏళ్ళ కిందటి బిడ్డ. ముసునూరు దగ్గర ఈ మామిడితోటలో ముసలిచెట్లు కొట్టేసిన మూల, కొత్త మొక్కలకు గుంటలు తీస్తుంటే బయటపడింది. తోట యజమాని కబురు చేస్తే హైదరాబాదు పురావస్తు శాఖ ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు, పెద్దాయన భావనారాయణగారూ, ఎముకలు చూసి వయసు చెప్పే కాత్యాయనీ. కుండల సంగతి ఆయనది, ఎముకల సంగతి ఈవిడది. ఆయన జీపు తేవడానికి నూజివీడు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు, ఆ ముసలమ్మకేదో సర్దిచెప్పమ్మా, గోల చెయ్యకుండా చూడు, అని తేలిగ్గా అనేసి వెళ్ళాడు. అచ్చమ్మ ముసలమ్మేం కాదు. కాత్యాయని కన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో. ఎండకు అలా అయింది.

మొన్న పొద్దున నోరు జారకుండా ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు. గుంటలో మోకాళ్ళ మీద కూర్చుని తొడ ఎముక పొడుగు కొలుస్తూ ఉంది, తల ఇంకా మట్టిలోనే బోర్లా ఉంది, వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "ఎన్నేళ్ళ బిడ్డండీ?" అని అడిగింది. "అయిదుంటాయి," అనేసింది తలెత్తకుండానే. టేపు చెప్పింది, నోరు పలికేసింది, మధ్యలో బుర్ర ఎక్కడికి పోయిందో. తలెత్తి చూసేసరికి ఆ మనిషి గట్టుమీద చతికిలబడి ఉంది. ఏడవడం లేదు. చెంగు నోట్లో కుక్కుకుని గుంటలోకి చూస్తోంది. తోట కాపలా వీరయ్య భార్య అచ్చమ్మ. మూడు కాపుల కిందట వాళ్ళ కూతురు కృష్ణవేణి వాంతులూ విరేచనాలతో ఈ తోటలోనే పోయిందనీ, పోయేనాటికి అయిదేళ్ళనీ, అదే జబ్బుతో తల్లి నూజివీడు ఆసుపత్రిలో ఒంటిమీద తెలివి లేకుండా ఉంటే తండ్రి ఒక్కడే బిడ్డను ఎత్తుకెళ్ళి పూడ్చాడనీ, ఎక్కడా అని ఎన్నిసార్లు అడిగినా తూర్పుకేసి చెయ్యి చూపించి ఊరుకుంటాడనీ కాయలు కోసే ఆడవాళ్ళు చెబితే మధ్యాహ్నానికి తెలిసింది. గుంట తీసింది తోటకు తూర్పు మూలే. అయిదేళ్ళు, తూర్పు మూల, ఒక తల్లికి ఇంకేం రుజువు కావాలి? హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరమ్మే చెప్పిందిట, అని సాయంత్రానికి తోటంతా చెప్పుకున్నారు. తను డాక్టరమ్మ కాదని కాత్యాయని ఒకరిద్దరికి చెప్పి చూసింది. ఎముకలు చూస్తుంది కదా, మరి డాక్టరు కాకపోతే ఎవరంటారు అన్నారు వాళ్ళు.

బయట ఏదో బండి చప్పుడు. లేచి గుమ్మం దాకా వెళ్ళింది. ట్రాక్టరు, ఖాళీ పెట్టెలు వేసుకుని పక్కతోటలోకి తిరిగిపోయింది. వెనక్కొచ్చి కూర్చుంది. పాకలో ఓ పక్క రసాలు, ఓ పక్క బంగినపల్లులు, ముగ్గబెట్టిన వాసన తలకెక్కుతోంది. సొన కారి ఎండిన కాయల మీద ఈగలు. ఒకటి వచ్చి పుర్రె మీద వాలితే చేత్తో తోలింది, నిద్రపోయే పిల్ల మీద ఈగను తోలినట్టే తోలింది, తోలిన తర్వాతే ఆ సంగతి తనకు తట్టింది. నిన్న పొద్దుపోయేవేళ ఈ తల పైకి తీసి, దవడలకు పట్టిన బంకమట్టిని తడిపి, చీపురుపుల్లతో కొంచెం కొంచెంగా గీకుతుంటే ముందు ఒక దంతం బయటపడింది, వెడల్పుగా, కొత్తగా, అంచున చిన్న రంపపు పళ్ళతో. పాలపన్ను కాదు. పాలపళ్ళు ఊడి మళ్ళీ వచ్చిన పన్ను. దాని పక్కన ఇంకోటి. పక్కపన్ను సగం దిగింది. వెనక పెద్ద దవడపన్ను ఎప్పుడో వచ్చేసి, పైభాగం కాస్త అరిగింది కూడా. కాత్యాయని చేతిలో పుల్ల ఆగిపోయింది. అయిదేమిటి నీ మొహం, ఎనిమిది. ఎటునుంచి లెక్క కట్టినా ఎనిమిది. మళ్ళీ తొడ ఎముక కొలిచింది. అయిదు. చెయ్యి ఎముక కొలిచింది. అయిదు కూడా దాటదు. పాతికేళ్ళు అస్థిపంజరాల మధ్యనే గడిపిన మాస్టారు ఆమెకు మొదటి రోజే చెప్పాడు, ఎముకను నమ్మకమ్మా, ఎముక తిండిని బట్టి పెరుగుతుంది, పన్ను మాత్రం తిన్నా తినకపోయినా తన వేళకు తను వస్తుంది, అని. పైగా ఆ కొలతల పట్టిక ఎవరిదీ? పాలూ గుడ్లూ తిని పెరిగిన సీమదొరల పిల్లలది. ఆ పట్టిక పెట్టి కొలిస్తే బడికెళ్ళే ఈ ముసునూరు పిల్లలు సగంమంది తమ వయసు తాము దక్కించుకోలేరు. అన్నీ తెలుసు. తెలిసి కూడా అయిదని కూసింది.

కాబట్టి బిడ్డకు ఎనిమిదేళ్ళు, ఒళ్ళు మాత్రం అయిదేళ్ళ దగ్గర ఆగింది. ఎందుకాగింది? దంతాల మీద అడ్డంగా గీతలున్నాయి, వేలితో తడిమితే తెలుస్తాయి, మెట్లు మెట్లుగా. ఒక్కో గీతా ఒక్కో ఆకలికాలం, లేదా ఒక్కో జ్వరం. జబ్బు చేసినప్పుడు పన్ను పెరగడం ఆపి, తేరుకున్నాక మళ్ళీ మొదలుపెడుతుంది, ఆపిన చోట గాడి పడుతుంది. ఎన్నిసార్లు పడి ఎన్నిసార్లు లేచిందో ఈ పిల్ల. పిల్లో పిల్లాడో కూడా తెలియదు, ఈ ఈడు ఎముకల్లో ఆ తేడా కనబడదు, అచ్చమ్మ ఆడపిల్ల అనుకుంటోంది కనక తనకూ ఆడపిల్లే అయిపోయింది. తలదగ్గర చిన్న నల్లకుండ, కాళ్ళదగ్గర మూడు, మెడకింద గవ్వంత పూస ఒకటి. ఆకలితో ఆగిపోయిన బిడ్డకు ఇన్ని కుండలు ఎలా పెట్టారో. వాటిలో ఏం పోశారో. బతికుండగా దొరకనిది పోయాక పోశారా? ఆ తల్లికి కూడా ఎవరో ఒకరు వచ్చి, ఇదిగో ఇక్కడే నీ బిడ్డ, అని చోటు చూపించి ఉంటారు కదా. అచ్చమ్మకు ఆపాటి కూడా లేదు.

లేదన్న సంగతి కాత్యాయనికి ఇవాళ పొద్దున్నే తెలిసింది, తెలియకపోయినా బావుండేది. పంపు దగ్గర మొహం కడుక్కుంటుంటే వీరయ్య వచ్చి కాస్త దూరంలో నిలబడ్డాడు, తలపాగా తీసి చేత్తో నలుపుతూ. "అది మా పిల్ల కాదండమ్మా," అన్నాడు. "నీకెలా తెలుసు వీరయ్యా?" అంటే, "నేను పూడ్చింది అక్కడ కాదండి, వాగొడ్డునండి. మా ఆడదాన్ని ఆసుపత్రి నించి అటే పుట్టింటికి పంపిచ్చాను, మైలవరం. అది తేరుకుని వచ్చేలోగా వానలు పడ్డాయి. వాగొచ్చి ఒడ్డంతా కోసుకుపోయిందండి. ఎల్లి చూస్తే మట్టీ లేదు, పిల్లా లేదు. ఏదీ చోటు అని అడిగితే ఎట్టా చెప్పమంటారు? తూర్పని చెయ్యి చూపిచ్చాను." తలపాగా మళ్ళీ చుట్టుకుని, "మీరు చదువుకున్నోరు. కాదని మీరు చెప్తే వింటది. నేను కాదంటే, మరి నా పిల్ల ఏదీ అని అడుగుద్దండి," అన్నాడు. తను కాదన్నా అదే అడుగుతుంది కదా అని కాత్యాయని అనబోయింది. అప్పటికే అతను బోదె గట్టు మీద చాలా దూరం వెళ్ళిపోయాడు. మొగాళ్ళు ఇలాంటప్పుడు భలే వేగంగా నడుస్తారు.

నాన్న కూడా అంతే. తమ్ముడు పోయిన రోజున నాన్న నడిచిన వేగం కాత్యాయనికి ఇప్పటికీ కళ్ళముందుంది. ఆయన గంగాధరంగారు, గుడిలో అర్చకుడు, శాస్త్రం అక్షరం తప్పనివాడు. పసివాడికి ఏడాదైనా నిండలేదు. ఒళ్ళో పడుకోబెట్టుకుని, పెదవి తీసి, చిటికెనవేలితో పై చిగురూ కింద చిగురూ తడిమి, "పళ్ళు రాలేదు," అన్నాడు. పళ్ళు రాని బిడ్డ పోతే స్నానంతో మైల పోతుంది. పన్ను వచ్చి ఉంటే మైల ఒక రోజు, ఇంకా పెద్దయితే మూడు రోజులు, అలా పెరుగుతూ పోతుంది, ఏడవడానికి కూడా వయసును బట్టి కొలత. నూతి దగ్గర రెండు చేదలు పోసుకుని తడిబట్టతో సాయంత్రం నైవేద్యానికి వెళ్ళిపోతున్న నాన్నను అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచింది. "కింద చిగురులో ఒకటి వచ్చింది. మీ వేలికేం తెలుస్తుంది, పాలిచ్చేది నేను," అంది. ఆయన ఆగాడు, ఆగి విన్నాడు, విని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు, ఎవరూ తినమని అడగలేదు, ఇంట్లో ఏమీ జరగనట్టే గంట వాయించి దీపం పెట్టారు. కాత్యాయనికి అప్పుడు ఏడేళ్ళు, ముందు పన్ను ఊడి నాలిక అక్కడే ఆడుతూ ఉండేది. నువ్వీ ఎముకల చదువు ఎందుకు చదివావే అని ఎవరైనా అడిగితే సీటు అందులో వచ్చిందని చెబుతుంది. అదీ నిజమే. కానీ ఒక మనిషి పన్ను చూసి ఒక మాట అంటే పక్కనున్న ఆడది ఏమైపోతుందో చిన్నప్పుడే చూసిన మనిషి, మొన్న గుంటలో కూర్చుని అంత తేలిగ్గా ఎలా అనేసింది? తల్చుకున్న కొద్దీ తనమీద తనకే కోపం ముంచుకొస్తోంది.

సరే, ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలి. అచ్చమ్మా కూర్చో అనాలి. అచ్చమ్మా, మొన్న నేను పొరపాటు చెప్పాను. బావుంది, మొదట అదే చెప్పాలి. తర్వాత? ఇది మూడువేల ఏళ్ళ నాటి బిడ్డ అంటే ఏం లాభం లేదు, ఆ మాట భావనారాయణగారు నిన్ననే కుండపెంకు చేత్తో పట్టుకుని గొంతెత్తి చెప్పేశాడు. "మూడువేల సంవత్సరాలమ్మా ఇవి," అని. అచ్చమ్మ వినయంగా తలూపి, "అవునండీ, చానా రోజులైపోయిందండీ," అంది. ఆయన చెయ్యి దించేసుకున్నాడు. మూడువేలు ఎవరికి మాత్రం అందుతాయి, తనకు మాత్రం అందుతున్నాయా, ఉద్యోగం కనక నమ్ముతోంది. ఎనిమిది అయితే అందుతుంది. పెంచిన ఏ తల్లికైనా అయిదుకీ ఎనిమిదికీ తేడా తెలుస్తుంది. నీ పిల్లకి అయిదు, ఈ బిడ్డకి ఎనిమిది, నీ పిల్ల కాదు. మూడు చిన్న మాటలు. పళ్ళు చూపించాలి, నీ పిల్లకి ఈ పళ్ళు ఇంకా రాలేదు కదా అచ్చమ్మా, అని. రాలేదు అంటుంది. అనగానే తనకే తెలిసిపోతుంది. ఆ తర్వాత అడుగుతుంది. మరి నాది ఏదండీ? అప్పుడు వాగు గురించి చెప్పాలా, వీరయ్యను అడగమనాలా? వీరయ్యను అడగమంటే ఇంట్లో ఆ ఇద్దరి మధ్య ఇవాళ్టి నుంచి ఇంకేం మిగులుతుంది? మూడేళ్ళుగా తూర్పుకేసి చూస్తూ బతికిన మనిషి వాగుకేసి చూస్తూ బతకాలి. చెప్పకుండా ఊరుకుంటే? ఊరుకుంటే జీపు వస్తుంది, తన బిడ్డనే ఎవరో పెట్టెలో పెట్టి ఎత్తుకుపోతున్నారని జీపుకు అడ్డంపడుతుంది. పడదా మరి, తను మాత్రం పడదా. ఏ దారిన పోయినా ఆమె గుండె పగలాల్సిందే, పగలగొట్టాల్సింది తనే.

దూరంగా చిక్కంలోంచి కాయలు గంపలోకి దింపుతున్న చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు, ఎవరినో మేస్త్రీ తిడుతున్నాడు, లోకం తన పనిలో తనుంది. దూది తీసి చిన్న చిన్న ఉండలు చేసింది. ముందు వేళ్ళ ఎముకలు చుట్టాలి, అవి పోతే దొరకవు. చుట్టడం మొదలుపెట్టి ఆపేసింది, అచ్చమ్మ వచ్చేసరికి సగం చుట్టి ఉంటే ఇంకా ఘోరంగా ఉంటుంది. విప్పింది. ఒక్క వేలి ఎముక, కందిగింజ కన్నా కాస్త పెద్దది, అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. నువ్వైనా చెప్పవే, అంది మనసులో. జీపు హారను నూజివీడు రోడ్డు మలుపులో వినిపించింది, ఈసారి నిజంగా జీపే. గుండె తేలికపడింది, పడినందుకు సిగ్గేసింది. అదే క్షణంలో పాక గుమ్మానికి ఎవరో అడ్డం వచ్చినట్టు వెలుతురు తగ్గింది.

అచ్చమ్మ తలంటు పోసుకుని వచ్చింది. తడిజుట్టు ముడి, ఉతికిన చీర, చేతిలో ఆకు మూసిన చిన్న గిన్నె. లోపలికి వచ్చి గోనెపట్టాకు ఇవతలే గొంతుక్కూర్చుంది. ఏడుస్తుందేమోనని కాత్యాయని చూసింది, ఏడవలేదు. జీపు వచ్చేలోగా చెప్పెయ్యాలి, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేదు.

"అచ్చమ్మా, మొన్న నేను తప్పు చెప్పాను."

"ఏంటండీ?"

"బిడ్డ వయసు. అయిదు కాదు. తల మట్టిలో ఉంది, పళ్ళు చూడకుండా చెప్పాను. ఇదిగో ఈ పళ్ళు చూడు. పాలపళ్ళు ఊడి వచ్చినవి. ఈ బిడ్డకి ఎనిమిదేళ్ళు." చీపురుపుల్లతో ముందుపళ్ళు చూపించింది. "బాగా చూసే చెబుతున్నాను. ఎనిమిది."

అచ్చమ్మ పళ్ళకేసి చూసింది. తర్వాత కుడిచేతి బొటనవేలు తక్కిన వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటిగా కదలడం కాత్యాయని చూసింది. పెదాలు కూడా కదులుతున్నాయి. ఉప్పెనకి ముందు యేడు కాపులో పుట్టింది, అని గొణిగింది. తర్వాత ఉప్పెన యేడు. తర్వాత పూత మాడిపోయిన యేడు. వేలు ఒక కణుపు దగ్గర ఆగింది.

"అవునండమ్మా, ఎనిమిదేనండి. ఈ కాపుతో ఎనిమిదే."

కాత్యాయనికి అర్థం కాలేదు.

"మొన్న మీరు అయిదు అంటే రాత్రంతా అదే ఆలోచనండి," అంది అచ్చమ్మ. "పోయిననాడు అయిదు, మూడేళ్ళాయె, ఇంకా అయిదేంటా అనుకున్నాను. మీరు పళ్ళు చూళ్ళేదు, అదన్నమాట." ముందుకు వంగి, ఎముకను తాకకుండా, తొడ ఎముక మీద గాలిలో చెయ్యి చాపి కొలిచింది. జానెడూ మూడువేళ్ళు. ఆ చెయ్యి అలాగే కాసేపు ఉంచింది. "ఇది మాత్రం అంతే ఉంది. పళ్ళొచ్చాయి గానీ ఒళ్ళు రాలేదండి."

"అచ్చమ్మా..."

"మట్టిలో తిండెక్కడిదండీ," అంది అచ్చమ్మ. తల్లి మాట, కోపం లేదు, ఎవరిమీదా ఫిర్యాదు లేదు. గిన్నె మీద ఆకు తీసి, పెరుగన్నం, గోనెపట్టా అంచున బిడ్డ తలవైపు పెట్టింది.

జీపు పాక ముందు ఆగింది. తలుపు చప్పుడు. "ఏమ్మా కాత్యాయనీ, ప్యాకింగ్ అయిందా?" అని భావనారాయణగారి గొంతు. వీరయ్య గుమ్మం దగ్గరికి వచ్చి, లోపల ఇద్దరు ఆడవాళ్ళనీ చూసి, అక్కడే నిలబడిపోయాడు, చెప్పారా అని కళ్ళతోనే అడుగుతూ. కాత్యాయని అతనికేసి చూడలేకపోయింది. చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి, వాగూ, మూడువేల ఏళ్ళూ, నీ పిల్ల కాదన్న చిన్న మాటా. అచ్చమ్మ లేచింది. జీపుకు అడ్డంపడలేదు. పెట్టెలో గడ్డిని తనే చేత్తో సరిచేసి, గుచ్చుకునే పుల్లలు ఏరి పక్కన పడేసింది.

"హైదరాబాదు తీసుకెళ్తారంట గదండీ. తీసుకెళ్ళండమ్మా," అంది. "మీకాడుంటే కాస్తన్నా పెరుగుద్ది."

కాత్యాయని కాదని చెప్పడానికే నోరు తెరిచింది. "చూసుకుంటాను," అంది.